ఉంగరపు వేలు సగం

"హత్తక్కె ఎష్టు, అమ్మా?" అని కన్నడంలో అడిగాడు ఎముకల డాక్టరు. పదికి ఎంత అని. నొప్పి సంగతి. ఏమీ లేకపోతే సున్నా, ప్రాణం పోతున్నట్లుంటే పది, మధ్యలో మీది ఎంతో చెప్పండి అంటున్నాడు.

బట్టల దుకాణంలో పుట్టి, ఇంకో బట్టల దుకాణానికి కోడలిగా వచ్చిన మనిషిని అలా అడగకూడదు. అంకె అడిగితే మా నోట్లోంచి ధర వస్తుంది. లోపల నాకు తెలుసు, అది ఆరు. కానీ ఆరు అంటే ఈయన నాలుగుకు దించుతాడు, నాలుగుకు ఒక మాత్ర రాసి పంపేస్తాడు. అందుకని "పన్నెండు" అన్నాను.

"పదికే అమ్మా, పదికి."

"సరే, మీరు అంతగా అంటున్నారు కాబట్టి పది," అన్నాను, పెద్ద మనసుతో రెండు వదిలేసినట్లు.

పక్క కుర్చీలో మా ఆయన నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆయనదీ దుకాణం పుట్టుకే గానీ వేరే తీరు. ఆయన చెప్పేది ఒకటే ధర. ఆ ధరకు ఎవరూ కొనకపోతే బట్ట మడత పెట్టేసి చాయ్ తాగుతాడు. మా నాన్న నాకు నేర్పింది ఇంకొకటి: మొదటి మాట ఎప్పుడూ నిజం కాకూడదు, నిజమైతే దిగడానికి మెట్టు మిగలదు. ఆ మెట్ల మీదనే నేను యాభై నాలుగేళ్లు బతికాను. కూరగాయల బండి దగ్గర, ఆటో దగ్గర, గుడి ముందు కొబ్బరికాయల దగ్గర కూడా.

"ఎక్కడెక్కడ నొప్పి?" అని అడిగాడు డాక్టరు.

ఇక్కడ కూడా ఒక చిక్కు ఉంది. నిజానికి నాకు తిమ్మిరి ఉన్నది కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఆపైన ఉంగరపు వేలిలో సగం. పొడుగులో సగం కాదు, వెడల్పులో. మధ్యవేలి వైపు సగం మొద్దుబారి ఉంటుంది, చిటికెన వేలి వైపు సగం శుభ్రంగా ఉంటుంది. ఇది ఎవరితోనైనా చెప్పగలిగే మాటేనా? ఒక వేలు సగం నొప్పి, సగం కాదు అంటే కట్టుకథ అనుకోరూ? అందుకే చిల్లర వదిలేసి గుండుగుత్తగా చెప్పాను: చెయ్యంతా. అక్కడితో ఆగితే బలహీనంగా ఉంటుందని భుజం కలిపాను. భుజం వరకు వచ్చాక మెడను ఎందుకు వదలాలని మెడ కూడా కలిపాను.

డాక్టరు తప్పేమీ లేదు. నేను అమ్మిన సరుకే ఆయన కొన్నాడు. మెడకు ఎక్స్‌రే తీయించాడు. ఈ వయసులో ఎవరి మెడ తీసినా ఎముకల మధ్య ఏదో ఒక అరుగుదల కనిపిస్తుందట, నాకూ కనిపించింది. మెడలో నరం నొక్కుకుంటే చెయ్యంతా లాగుతుందని చెప్పి, మెడకు తెల్లటి పట్టీ ఒకటి ఇచ్చి పంపాడు.

బయటికి రాగానే మా ఆయన అన్న మొదటి మాట: "ఏమే, పన్నెండు ఏడికెల్లి తెచ్చినవే?"

ఆ పట్టీతో మూడు వారాలు దుకాణంలో కూర్చున్నాను. అబద్ధం ఎందుకు, వ్యాపారానికి అది మంచిదే చేసింది. రవికె గుడ్డలకు వచ్చిన ఆడవాళ్లు నా మెడ చూసి జాలిపడి బేరం ఆడడం తగ్గించారు. దేవసూగూరు నుంచి ఎప్పుడూ వచ్చే ఒకామె, గుడ్డ చూడకముందే "స్వల్ప కమ్మి మాడ్రి అక్కా" అని తగ్గించమని మొదలుపెట్టే మనిషి, ఆ రోజు చెప్పిన ధరకు తీసుకుని, పోతూ పోతూ ఒంటికి నువ్వుల నూనె రాసుకోమని సలహా కూడా ఇచ్చి పోయింది. నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. తెల్లవారుజామున వేళ్లు చురచురమని మెలకువ వచ్చేది. లేచి కూర్చుని, తడి చెయ్యి దులిపినట్లు నాలుగుసార్లు గట్టిగా దులిపితే సర్దుకునేది. పొద్దున్నే గాజు గ్లాసు పట్టుకుంటే పట్టుకున్నానో లేదో చూసుకుంటే గానీ తెలిసేది కాదు.

ఇదంతా ఎందుకు ఇంత పెద్ద విషయమో చెప్పాలంటే మా దుకాణం గురించి రెండు మాటలు చెప్పాలి. అమ్మడం ఇద్దరమూ అమ్ముతాం. కొనడం మాత్రం నేనే. థాన్లు తెచ్చే ఏజెంట్లు మా ఆయన ముందు సంచి విప్పరు, నా ముందు విప్పుతారు. విప్పాక నేను గుడ్డ వైపు చూడను. కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒకసారి జరుపుతాను, చూపు మాత్రం ఏజెంటు మొహం మీదే ఉంచుతాను. నూలుగుడ్డ వేళ్ల మధ్య కొంచెం ఆగి, మొరాయించి, అప్పుడు జరుగుతుంది. కాసేపటికి వెచ్చబడుతుంది. పాలిస్టరు కలిసిందంటే మర్యాద ఎక్కువ ఉన్న చుట్టంలాగా జారిపోతుంది. మా నాన్న నాకు ఎనిమిదేళ్లప్పుడు కళ్లు మూయించి నేర్పిన విద్య అది. అంగట్లో నాకు ఏ కాస్త పేరున్నా ఆ రెండు వేళ్ల వల్లే. అవి పోతే ఆ గద్దె మీద నేను ఎందుకు కూర్చోవాలి? మెత్తటి పరుపు కోసమా?

శ్రావణమాసం ముందు ఏజెంటు ఒకతను టూ బై టూ తెచ్చాడు, రవికెలకు మేము అమ్మే నూలుగుడ్డ. ముప్పై రంగులు. నేను మామూలుగానే కొస పట్టుకుని, అతని మొహం చూస్తూ, వేళ్లు జరిపాను. అతను కళ్లు దించలేదు. గుడ్డ ఏం చెప్పిందో నాకు తెలియలేదు. దూదితో చేసిన చేతితొడుగు వేసుకుని ముట్టుకున్నట్లుంది. ఆ క్షణాన "తెలియట్లేదు" అనాలి. అనలేదు. ఇన్నేళ్ల పేరును ఒక ఏజెంటు ముందు ఎలా దించుకుంటాను? "బాగానే ఉంది గానీ మీ ధర బాగలేదు," అని గంటసేపు బేరమాడాను. అంత తొందరగా దిగి వచ్చాడంటేనే అనుమానం రావాల్సింది. నా గొప్పే అనుకున్నాను.

మా దుకాణం అరుగు మీద ముప్పై ఏళ్లుగా ఒక ముసలి దర్జీ మిషను వేసుకుని కూర్చుంటాడు. నేను చాచా అంటాను, ఆయన నన్ను బేటీ అంటాడు. మరునాడు ఆయన ఆ గుడ్డలో ఒక ముక్కకు ఇస్త్రీ పెట్టి, ముక్కు చిట్లించి, నన్ను పిలిచాడు.

"బేటీ, జర ఇటు రా. ఈ థాను ఎవరు కొన్నరు?"

"నేనే కొన్న. ఎందుకు చాచా?"

"సూతీ అని కొన్నవా, అసలు నూలని?"

"మరి? సూతీనే గద."

ఆయన గుడ్డ అంచు నుంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్ల గీసి అంటించాడు. నూలైతే కాగితంలా మండి, ముట్టుకుంటే రాలిపోయే బూడిద మిగలాలి. ఈ పోగు ముడుచుకుని, నల్లగా కరిగి, కొసన ఆవగింజంత గట్టి ఉండ అయి ఆగిపోయింది. చాచా దాన్ని నా అరచేతిలో పెట్టాడు.

"పట్టుకో. ఇది దారం కాదు, ప్లాస్టిక్ బకెట్ ముక్క," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నిన్ను ఎవరన్న మోసం చేస్తరా బేటీ? నీ చేతికి ఏమైంది?" అన్నాడు.

ఆ మాటకు ఏడుపు వచ్చింది. నా తెలివికి ఏమైందని అడిగి ఉంటే పోట్లాడేదాన్ని. చేతికి ఏమైందని అడిగాడు.

మా ఆయన ఆ థాన్లన్నీ ఒక పక్కకు పేర్పించి, అట్టముక్క మీద "మిక్సు గుడ్డ" అని మూడు భాషల్లో తన చేత్తో రాసి తగిలించాడు. తక్కువ ధరకు అమ్ముడుపోయాయి కూడా. ఇస్త్రీ నలగని గుడ్డ కావాలని అడిగి మరీ తీసుకెళ్లారు కొందరు. సాయంత్రం నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

"ఆ మెడపట్టీ తీసెయ్. మెడకు కడితే వేళ్లకు తెలివి వస్తదా?"

"మరి ఏం చెయ్యమంటరు?"

"ఇంకో డాక్టరు దగ్గరికి పోదం. ఈసారి నొప్పి గురించి నేను చెప్త."

"నా నొప్పి మీకేం ఎరుక?"

"ఎందుకు ఎరుక లేదు? తెల్లారుజామున నువ్వు చెయ్యి దులిపేది నా మొహం మీదనే గద."

రెండో డాక్టరు నరాలు చూసే అమ్మాయి. నా కూతురి వయసు ఉంటుందేమో. తుర్విహాళ పక్కన క్యాంపులో పుట్టి పెరిగిందట, కాలువ వచ్చినప్పుడు కోస్తా నుంచి వచ్చి వరి వేసుకుని స్థిరపడిన వాళ్ల మనవరాలు. మాటలో ఇంకా ఆ తీపి పోలేదు. నేను కూర్చుని, ఊపిరి పీల్చుకుని, "పదికి" అని మొదలుపెట్టాను.

"ఎంతో వద్దండీ," అంది. "ఎక్కడో చెప్పండి చాలు."

"చెయ్యంతా..."

"చెప్పొద్దు. గీయండి." తన బల్ల మీది నీలం పెన్ను తీసి ఇచ్చింది. "ఎక్కడెక్కడ తిమ్మిరిగా ఉంటుందో మీ చేతి మీదే గీత గీయండి. లేని చోట గీయొద్దు."

సొంత చర్మం మీద, ఎదురుగా మనిషి చూస్తూ ఉండగా, అబద్ధం గీయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఎడమచేత్తో పెన్ను పట్టుకుని బొటనవేలు గీశాను, చూపుడువేలు, మధ్యవేలు గీశాను. ఉంగరపు వేలి దగ్గర ఆగాను.

"ఏంటండీ, ఆగారు?"

"ఇది... చెప్తే నవ్వుతావు బిడ్డా."

"నవ్వనులెండి."

"ఈ వేలు సగమే. ఈ పక్క ఉంది, ఆ పక్క లేదు."

ఆ అమ్మాయి నవ్వింది. కానీ నా మీద కాదు. అంగట్లో ఎవరికీ దొరకని రంగు మన దగ్గర దొరికినప్పుడు కొనేవాళ్ల మొహం ఎలా వెలుగుతుందో, అలా.

"ఆ సగం వేలి గురించి ముందు ఎవరికైనా చెప్పారా?"

"లేదు. ఎవరూ నమ్మరని మొత్తం చెయ్యి అని చెప్పిన."

"అయ్యో, అసలు సంగతి అంతా దాంట్లోనే ఉందండీ."

నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని చెప్పింది. మణికట్టు దగ్గర ఒక సన్నటి సందు ఉంటుంది. దానిలోంచి ఒక నరం వెళ్లి సరిగ్గా ఈ మూడున్నర వేళ్లకే స్పర్శ ఇస్తుంది. చిటికెన వేలు, మిగతా సగం ఇంకో నరానివి, అది మోచేతి వెనక నుంచి వస్తుంది. తిమ్మిరి ఆ పక్క ఉంటే మోచేతిని చూసేదట. మెడ తిప్పినప్పుడల్లా భుజం మీదుగా చేతిలోకి లాగితే మెడను అనుమానించేదట. "మూడున్నర అంటే మణికట్టే అయి ఉంటుంది. మీరు ఆ అర వదిలేసేసరికి చిరునామా మారిపోయింది," అంది.

తర్వాత కళ్లు మూసుకోమంది. ఇంత దూది తీసి ఒక్కో వేలి కొసకూ తాకించి, ముట్టుకున్నప్పుడు చెప్పమంది. చిటికెన వేలికి వెంటనే చెప్పాను. చూపుడువేలికి చాలాసేపు ఏమీ రాలేదు. "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగితే, "మూడుసార్లు ముట్టుకున్నానండీ," అంది. ముట్టుకున్నది పత్తి. యాభై ఏళ్లుగా దాని మీదే బతికాను.

మణికట్టు మీద వేలితో టకటక కొట్టింది, మధ్యవేలి కొసకు జుమ్మని కరెంటు పాకింది. రెండు చేతుల వెనక భాగాలు ఆనించి, వేళ్లు కిందికి దించి, నమస్కారం తలకిందులు చేసినట్లు నిమిషం పట్టుకోమంది. అర నిమిషం కాకముందే వేళ్లు చురచురమన్నాయి. "రాత్రుళ్లు మెలకువ వస్తుందా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు మా ఆయన లేచి నిలబడి, తన చెయ్యి ఎత్తి, నేను దులిపినట్లే నాలుగుసార్లు గట్టిగా దులిపి చూపించాడు. చివరి దులుపుకు ఆవిడ బల్ల మీది చీటీలు ఎగిరాయి.

"అబ్బ, ఇది చాలండీ," అంది డాక్టరమ్మ చీటీలు ఏరుకుంటూ. "పేషెంటు కంటే మీరే బాగా చెప్పారు."

పని వివరం అడిగింది. రోజంతా కత్తెర పట్టుకుంటానని, థాను విసిరి విప్పి, చుట్టి, మళ్లీ విసురుతానని చెప్పాను. ఎన్ని కోతలు కోస్తారు రోజుకు అంది. నూరు అనబోయి, నాలిక కరుచుకుని, నలభై అన్నాను.

నరంలోంచి చిన్న కరెంటు పంపి అది ఎంత తొందరగా నడుస్తుందో చూసే పరీక్ష, చక్కెరకూ థైరాయిడుకూ రక్తపరీక్ష రాసింది. చీటీ చేతికి వచ్చాక కూడా నేను లేవలేదు. బేరం కుదిరాక కొసరు అడగకపోతే నాకు కొన్నట్లే ఉండదు.

"బిడ్డా, ఇంకొక్కటి. మా పక్క దుకాణం ఆయనకు నడుము కాడికెల్లి పిక్క మీదుగా కాలి వేళ్ల దాక తీగ లాగినట్లు లాగుతదట. మా ఆడబిడ్డకు పళ్లు తోముకుంటే చెంపల షాక్ కొట్టినట్లు అయితదట, పన్ను పీకించింది, అయినా తగ్గలే."

"మొదటిది నడుము దగ్గర నరం అయి ఉండొచ్చు, రెండోది మొహం నరం కావచ్చు. కానీ చూడకుండా చెప్పనండీ. మీరు చెప్పేదాంట్లో ఎంత కలిపారో నాకేం తెలుసు?" అంది. ఇంత తొందరగా నన్ను చదివిన మనిషిని అంగట్లో కూడా చూడలేదు. "వాళ్లను రమ్మనండి. ఇంట్లో వాళ్ల సంగతి ఏమైనా ఉంటే చెప్పండి, చూస్తాను."

అప్పుడు మా ఆయన, ఎవరో అడిగిన ధర చెప్పినంత మామూలుగా, "నాకు అరికాళ్లు మండుతయి," అన్నాడు. "రెండూ. మేజోళ్లు వేసుకున్నంత మేర."

నేను ఆయన వైపు తిరిగాను. "ఎప్పటి నుంచి?"

"ఏడాది అయితది."

"మరి చెప్పలేదెందుకు?"

"నువ్వు అడగలేదు గద."

రక్తపరీక్ష చీటీ మీద ఆయన పేరు కూడా చేరింది. నాకు చక్కెర లేదని, థైరాయిడు కొంచెం తక్కువని తేలింది. ఆయనకు చక్కెర ఉందని తేలింది, మొదట్లోనే దొరికిందని, జాగ్రత్తగా ఉంటే కాళ్లు కాపాడుకోవచ్చని అంది డాక్టరమ్మ. నేను ఇన్నేళ్లలో ఎన్నో కొసర్లు తెచ్చుకున్నాను, దోసెడు కొత్తిమీర నుంచి అరగజం లైనింగు దాకా. ఇంత విలువైనది ఇదే.

కరెంటు పరీక్షలో నరం నెమ్మదిగా నడుస్తోందని తెలిసింది, చచ్చిపోలేదని కూడా తెలిసింది. రాత్రి మణికట్టు వంగకుండా లోపల రేకు ఉన్న పట్టీ కట్టుకోవాలి. పగలు కత్తెర తగ్గించాలి. థైరాయిడుకు రోజూ ఒక మాత్ర. తగ్గకపోతే సూది, అదీ చాలకపోతే చిన్న ఆపరేషను.

"ఎన్నాళ్లు కట్టుకోవాలె?"

"ఆరు వారాలు చూద్దామండీ."

"నాలుగు చెయ్యి."

"నాతో అయితే బేరం ఆడండి, నాలుగంటాను. మీ నరంతో ఎవరు ఆడతారు?"

ఆరు వారాలు కట్టుకున్నాను. మొదటి వారం పట్టీ ఉన్న చెయ్యి తగిలి మా ఆయన ముక్కు వాచింది, దులిపినప్పుడే నయం అన్నాడు. కత్తెర ఆయన తీసుకున్నాడు. వంకరగా కోస్తాడు గానీ పిసరు ఎక్కువే కోస్తాడు, కొనేవాళ్లకు సంతోషం, నాకు కడుపుమంట. ఏజెంట్లు వస్తే, జీవితంలో మొదటిసారి, "ఇప్పుడు చెయ్యి బాగలేదు, వచ్చే నెల రండి," అని చెప్పాను. ఒకతను నమ్మలేదు. ఇది కూడా ధర దించడానికి ఎత్తుగడే అనుకుని, తనంతట తనే తగ్గించడం మొదలుపెట్టాడు. నోరు ఊరింది. అయినా పంపించేశాను.

రెండో నెల నిండుతుండగా ఒక పొద్దున చాచా మిషను ఆపి, "బేటీ, కళ్లు మూసుకో," అన్నాడు. నా చేతిలో ఒక గుడ్డ కొస పెట్టాడు. జరిపాను. బొటనవేలు ఏదో అంది, చూపుడువేలు కాసేపు ఆలోచించింది. మళ్లీ జరిపాను. కొంచెం ఆగింది, మొరాయించింది, అప్పుడు కదిలింది.

"సూతీ," అన్నాను.

"పక్కానా? పైసా పందెమా?"

"పందెం వద్దు చాచా. పక్కా."

ఇంకో కొస పెట్టాడు. ఇది జారింది. "మిక్సు," అన్నాను. మూడోది పెట్టాడు. రెండుసార్లు, మూడుసార్లు జరిపాను. తెలియలేదు. పాత నేనైతే ఏదో ఒకటి గట్టిగా చెప్పి ఆయన మొహం చూసేదాన్ని.

"ఇది నాకు తెలుస్తలేదు," అన్నాను.

కళ్లు తెరిచేసరికి చాచా మొదటి గుడ్డ పోగుకు అగ్గిపుల్ల అంటించి పట్టుకుని ఉన్నాడు. కాగితం కాలిన వాసన వచ్చింది, బూడిద రాలింది. రెండోది నల్ల ఉండ అయింది. మూడో గుడ్డ పోగు సగం బూడిదయి, సగం ముడుచుకుంది.

"ఇది నాకు కూడ కాల్చినంక గాని తెల్వది," అని నవ్వాడు. "సగం సగం మాల్."

మరుసటి వారం డాక్టరమ్మ చెయ్యి చూసి, దూది తాకించి, ఈసారి తనే అడిగింది: "పదికి ఎంతండీ ఇప్పుడు?"

వెనక కుర్చీలో మా ఆయన గొంతు సవరించుకున్నాడు. నేను చెయ్యి ముందు పెట్టి, ఒక్కో వేలూ మడిచి చూసుకుని, లెక్క సరిచూసుకున్నాను.

"ఒకటిన్నర," అన్నాను. "బొటనవేలు పూర్తిగా వచ్చింది. మధ్యవేలి కొస ఇంకా కొంచెం మొద్దుగా ఉంది. ఉంగరపు వేలు రెండు పక్కలా ఒకే తీరుగా ఉంది."

ఆమె రాసుకుంది. ఒక్క పాయింటు కూడా తగ్గించమని అడగలేదు.